ఖాళీగా వుంచవలసిన సీటు

శ్రావణమాసంలో ఒక సోమవారం. హనుమకొండలో ముసురు పట్టింది. వూళ్లో ఇంటింటా జ్వరాలు. మా ఇంటావిడకు మూడు రోజులనుంచి వొళ్లు కాలిపోతూంటే, ఆవిణ్ని వెంటబెట్టుకుని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాను. దాని పేరుతో మనకు పనిలేదు. అలాంటి ఆస్పత్రులు మన వరంగల్లులో చాలా వున్నాయి. అలాంటి సోమవారాలూ చాలా వస్తూంటాయి.

పది గంటలయింది. హాలు సంతలా వుంది. చీటీలు రాసే కిటికీలో అమ్మాయి కంప్యూటరు మీద ఒక మీట నొక్కింది, ఆగింది, మళ్లీ నొక్కింది, చివరకు చేతులు కట్టుకుని కూర్చుంది. పక్క కిటికీలో డబ్బు కట్టించుకునే గుమాస్తా కూడా అంతే చేశాడు. మందుల కొట్టు ముందు వరస కదలడం మానేసింది.

"ఏమయిందమ్మా?" అన్నాను.

"సర్వర్ వస్తలేదు సార్. జర కూసోండి."

యీ మాట మనకు కొత్త కాదు. బ్యాంకులో విన్నాం, మీసేవలో విన్నాం, రేషను దుకాణంలో విన్నాం. వినగానే, వాన వస్తే చూరు కిందకు జరిగినట్టు, పక్కకు జరిగి నిలబడటం అలవాటు చేసుకున్నాం. కాని ఆనాడు నా పక్కన పరకాల వైపునుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుని వుంది. ఆమె వొడిలో ఏడెనిమిదేళ్ల మనుమడు. డెంగీ అని అనుమానం. పొద్దున్నే రక్తం తీసుకున్నారు. ప్లేట్‌లెట్లు ఎన్ని వున్నాయో తెలిస్తేనేగాని, పిల్లవాణ్ని వార్డులో చేర్చాలో ఇంటికి పంపాలో డాక్టరు చెప్పలేడు. లెక్కపెట్టడం ఎప్పుడో అయిపోయింది. కాని ఆ లెక్క యంత్రంలో వుంది. యంత్రం నోరు విప్పడం లేదు.

ఆ ఆస్పత్రి కంప్యూటర్ల మంచీ చెడ్డా చూసేవాడు మా అక్కయ్యగారి అబ్బాయే. మెట్ల కింద వాడికొక చిన్న గది. వుండబట్టలేక వెళ్లి తొంగి చూశాను. వాడు తన పేరూ రహస్యపు మాటా కొడుతున్నాడు. తెరమీద ఒకే ఒక్క వాక్యం పడుతోంది. కనెక్షన్లు మరీ ఎక్కువయ్యాయి, చోటు లేదు అని దాని అర్థం.

"నువ్వు అధికారివి గదరా! నిన్ను కూడా రానివ్వదా?"

"నాకు కూడా సీటు లేదంటున్నది మామా" అన్నాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ.

మొదటి మందు

చేసేది లేక వాడు యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాడు. యీలోగా ప్రయోగశాలలో పనిచేసే కుర్రవాడు, తన యంత్రం చూపించిన అంకెను తెల్లకాగితం మీద రాసి, వార్డుబాయి చేతికిచ్చి పైకి పంపాడు. ముసలమ్మ మనుమణ్ని వార్డులో చేర్చుకున్నారు. కంప్యూటర్లు రాకముందు ఆస్పత్రులు నడిచిన పద్ధతి ఆ పూట అక్కరకు వచ్చింది.

పదకొండుకు ముందే సర్వర్ లేచింది. కిటికీలు తెరుచుకున్నాయి. అందరూ అమ్మయ్య అనుకున్నారు. పన్నెండున్నర దాటేసరికి మళ్లీ అదే కథ! జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా దించితే, మందు బలం తగ్గగానే తిరగబెడుతుంది గదా. పైగా యంత్రాన్ని ఆపి లేపినప్పుడు, లోపల ఎవరెవరు కూర్చున్నారో చెప్పే ఆనవాళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. దొంగను పట్టుకోవడానికి ఇల్లు కడిగినట్టయింది.

రెండోసారి మావాడు తెలివిగా పనిచేశాడు. డబ్బు కిటికీ గుమాస్తాకు ఫోను చేసి, "నేను ‘వూఁ’ అనగానే మీ ప్రోగ్రాం మూసెయ్యండి" అన్నాడు. గుమాస్తా దిగగానే ఖాళీ అయిన సీటులోకి తాను ఎక్కాలని వాడి ఎత్తు. మొదటి ప్రయత్నంలో మందుల కొట్టువాళ్లు ముందు దూరిపోయారు. రెండోసారి మావాడికి సీటు దొరికింది. లోపలికి పోగానే ఎవరెవరున్నారో చూపించమని ఆజ్ఞ ఇచ్చాడు. జాబితా వచ్చింది. అందులో నూటికి పైగా పేర్లు ఒక్కచోటినుంచే! అన్నిటి పక్కనా ఒకే మాట: నిద్ర.

హాలులో కొత్తగా ఒక టోకెన్ల తెర బిగించారు. ఇప్పుడు ఎన్నో నంబరు నడుస్తున్నదో రోగులకు చూపించే తెర. ఆ ముందు రాత్రే దాని ప్రోగ్రాం మార్చారు. అది నిమిషానికొకసారి సర్వర్ దగ్గరకు వెళ్లి నంబరు అడుగుతుంది. వెళ్లిన ప్రతిసారీ కొత్త సీటు తీసుకుంటుంది. అడిగిన పని అయిపోయినా ఆ సీటు వదలదు. ఎనిమిదింటికి మొదలుపెడితే పది గంటలకు 120 సీట్లు! మిగిలిన 30 చిల్లరా ఆస్పత్రి మొత్తానికి. అవీ నిండిపోయాయి.

మావాడు ఆ నిద్రపోయేవాళ్లనందరినీ ఒక్కొక్కరినీ దింపేశాడు. మరుక్షణం ఆస్పత్రి కదిలింది.

బస్సు లెక్క

సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడకు జ్వరం తగ్గుముఖం పట్టింది. టీ తాగుతూ వాణ్ని అడిగాను: "అంతా బాగానే వుందిగాని, అధికారికి ఒక్క సీటయినా విడిగా వుంచకుండా యీ యంత్రాన్ని ఎవరు తయారుచేశారురా?"

వాడు నవ్వాడు. "వుంచారు మామా. ఆ సీటు మేమే పాడుచేసుకున్నాం" అని ఆ కథంతా చెప్పాడు. పాఠకులకు పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మేడారం జాతరకు హనుమకొండనుంచి బయలుదేరే ఆర్టీసీ బస్సును ఒకసారి తలుచుకోండి. డేటాబేస్ సర్వర్ అలాంటి బస్సు. డేటాబేస్ అంటే లెక్కలూ, రికార్డులూ ఒక పద్ధతిలో దాచిపెట్టే కొట్టుగది. సర్వర్ దాని కాపలాదారు. చీటీల కిటికీ, డబ్బు కిటికీ, మందుల కొట్టు, ప్రయోగశాల — వీటిలోని ప్రోగ్రాములన్నీ ప్రయాణీకులు. ఒక్కొక్క కనెక్షన్ ఒక్కొక్క సీటు. సీట్లకు ఒక హద్దు వుంటుంది.

ఆ ఆస్పత్రిలో వాడే సర్వర్ పేరు మై ఎస్‌క్యూఎల్. 1995లో స్వీడన్‌లో పుట్టింది. దాన్ని తయారుచేసినవారిలో ఒకరైన మైకేల్ విడేనియస్ తన కూతురు పేరు ‘మై’ని దానికి పెట్టుకున్నాడు. ఎవరూ మార్చకపోతే అందులో సీట్లు 151. కాని లోపల నిజంగా వుండేవి 152. ఆ చివరి సీటు మన బస్సులో కండక్టరు సీటులాంటిది. ప్రయాణీకులు కిక్కిరిసి వేలాడుతున్నా, అధికారి హోదా వున్నవాడు వస్తే దానిలో కూర్చోవచ్చు. ఎవరెవరు ఎక్కారో చూడవచ్చు. అవసరమైతే దింపనూవచ్చు.

"మరి ఆ సీటు ఏమయింది?"

"ప్రయాణీకులందరికీ కండక్టరు టోపీలు పెట్టాం మామా!" అన్నాడు వాడు.

సంగతి ఇది. కొన్నేళ్ల కిందట ఆ ప్రోగ్రాములు పెట్టినవాడెవడో, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరూ హక్కులూ రాసే వోపిక లేక, అన్నిటికీ అధికారి పేరే ఇచ్చేశాడు. ఆ పేరుతో వెళితే యే తలుపయినా తెరుచుకుంటుంది గదా, పని సులువు! డబ్బు కిటికీ అధికారి పేరుతోనే వెళుతుంది. మందుల కొట్టూ అంతే. టోకెన్ల తెరా అంతే. సర్వర్‌కు వీళ్లందరూ అధికారులే. కనుక చివరి సీటు కూడా మొదట వచ్చినవాడికి ఇచ్చేసింది. నిజమైన అధికారి వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడవలసివచ్చింది.

ఎన్నో ఏళ్లు ఆ తప్పు కనిపించలేదు. బస్సు సగం ఖాళీగా నడిచినంతకాలం కండక్టరు సీటులో ఎవరు కూర్చున్నారని ఎవరు పట్టించుకుంటారు?

తుండు వేసి ఆపిన సీట్లు

"ఆ టోకెన్ల తెర సీట్లు వదలకపోతే, నిద్రపోయేవాళ్లను సర్వరే లేపి పంపెయ్యకూడదా?" అన్నాను.

పంపుతుందట. కాని ఎప్పుడు? మై ఎస్‌క్యూఎల్‌లో ఎవరూ మార్చకపోతే ఆ గడువు 28,800 సెకండ్లు. అంటే ఎనిమిది గంటలు! బస్సు కిటికీలోంచి తుండు విసిరి సీటు ఆపుకుని, టీ తాగడానికి పోయినవాణ్ని చూసుంటారు. వాడు తిరిగి వచ్చేదాకా ఆ సీటు వాడిదే. ఎనిమిది గంటలు తుండు కూర్చుంటే, మనుషులు నిలబడవలసిందే. సర్వర్ నిండిపోయింది అన్నప్పుడల్లా లోపల పని ఎక్కువయిందని అనుకోవడం పొరపాటు. చాలాసార్లు లోపల వుండేవి తుండ్లే.

"అయితే సీట్లు పెంచితే పోలా? 151 బదులు 5,000 అని రాసెయ్యి."

నాలాంటివాళ్లందరికీ మొదట తోచేది ఇదేనట. సీటుకొక ఖరీదు వుంది. ప్రతి కనెక్షనూ యంత్రపు జ్ఞాపకశక్తిలో కొంత తింటుంది. సీట్లు మరీ పెంచితే బస్సు నిండదుగాని, ఇరుసు విరుగుతుంది. పైగా సీట్లు వదలని ప్రోగ్రాంకు ఎన్ని వున్నా చాలవు.

లోపల చోటు పెంచడంకన్నా, గుమ్మం దగ్గర జనాన్ని నెమ్మది చెయ్యడం మేలు. మన వరంగల్లు కోటకు వెళ్లినవారికి యీ తెలివి కొత్త కాదు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన ఆ కోటలో, గుమ్మాల దగ్గర దారి తిన్నగా లోపలికి పోదు. వంకర తిరిగి పోతుంది. ఎంత సైన్యం వచ్చినా ఒక్కసారిగా మీద పడలేదు. ఇప్పటి సాఫ్టువేరువాళ్లు కూడా డేటాబేస్‌కు ముందు ఒక మలుపు కడతారు. పది పన్నెండు కనెక్షన్లు మాత్రం తెరిచి పెట్టుకుని, వందలమంది అడిగే పనులను వరసలో వాటిద్వారా పంపుతారు. పని కాగానే అదే సీటు వెనకవాడికి. దీన్ని వాళ్లు ‘పూలింగ్’ అంటారు.

డ్రైవరు తలుపు

యీ చిక్కు ఒక్క మై ఎస్‌క్యూఎల్‌ది కాదు. అన్ని సర్వర్లవాళ్లూ దీన్ని గురించి ఆలోచించారు.

అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో మొదలుపెట్టిన పనినుంచి వచ్చినది పోస్ట్‌గ్రెస్. అందులో మామూలుగా 100 సీట్లు. వాటిలో 3 పెద్ద అధికారికోసం తీసిపెడతారు. తక్కినవారికి 97. 2023లో వచ్చిన 16వ కూర్పులో ఇంకొక ఏర్పాటు చేశారు. పెద్ద అధికారి కాకపోయినా, నిఘా చూసేవారివంటి నమ్మకస్తులకు కూడా కొన్ని సీట్లు విడిగా వుంచవచ్చు.

మైక్రోసాఫ్ట్‌వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005వ సంవత్సరపు కూర్పునుంచి అధికారికి ప్రత్యేకంగా ఒక తలుపే పెట్టింది. మామూలు గుమ్మం ఎంత మూసుకుపోయినా అది వేరు. ఒక్కసారి ఒక్కరే పోగలరు. మామూలుగా అది ఆ యంత్రం దగ్గర కూర్చున్నవాడికే తెరుచుకుంటుంది. దూరంనుంచి రావాలంటే ముందుగా అనుమతి రాసిపెట్టుకోవాలి.

మై ఎస్‌క్యూఎల్‌వారు కూడా 2019లో ఇలాంటి వేరు తలుపు పెట్టారు. దాని నంబరు 33062. బస్సులో ప్రయాణీకులు ఎక్కే గుమ్మం ఎంత కిక్కిరిసినా, డ్రైవరు తన పక్క తలుపు తీసుకుని ఎక్కేస్తాడు చూడండి, అలాంటిది. అయితే దాన్ని ముందే ఏర్పాటు చేసి సర్వర్ లేపాలి. ఆపద వచ్చాక పెట్టుకుందామంటే కుదరదు. మావాడి ఆస్పత్రిలో ఆ తలుపు పెట్టుకునే వీలు వుండికూడా, ఎవరూ పెట్టుకోలేదు.

ఆ తలుపు లేనివాళ్లలో మరీ గట్టివాళ్లు కొందరు, నడుస్తున్న సర్వర్ లోపలి అంకెనే వేరే పనిముట్టుతో పట్టుకుని మార్చడం కూడా వుందట. అది గోడకు కన్నం వేసి సొంత ఇంట్లో దూరడం. కుదిరితే కుదురుతుంది, లేకపోతే గోడ మీద పడుతుంది.

అమెరికాలో కూడా ఇంతే

ఇదేదో మన వూళ్లో చిన్న ఆస్పత్రిలో జరిగిన అజాగ్రత్త అనుకోకండి. అమెరికా ప్రభుత్వం 2013 అక్టోబరు 1న ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే సైటు తెరిచింది. దేశమంతా దానిమీద పడింది. రెండు గంటలలోపే సైటు చతికిలపడింది. ఆ మొదటి రోజు చివరిదాకా వెళ్లి బీమాకు నమోదు కాగలిగినవారు ఆరుగురే అని, తరువాత బయటపడిన ప్రభుత్వ కాగితాలలో వుంది!

అక్కడ చిక్కిన దారి డేటాబేస్‌ది కాదు, పేరు చెప్పి లోపలికి వెళ్లే గుమ్మానిది. కాని కథ మనదే. బాగుచెయ్యవలసిన పనివాళ్లు కూడా జనం వెళ్లే ఆ గుమ్మంగుండానే వెళ్లాలి. జనం ఇరుక్కున్నచోటే వాళ్లూ ఇరుక్కుపోయారు. తలుపు ఇరుసు విరిగితే, వడ్రంగి కూడా ఆ తలుపులోంచే రావాలన్నమాట. అంత డబ్బూ, అంత బలగమూ వున్న దేశంలో జరిగిన యీ పొరపాటుకూ, హనుమకొండలో మెట్ల కింద గదిలో జరిగినదానికీ తేడా కొలతలోనే వుంది.

ఆ రాత్రి జరిగిన మరమ్మతు

ఆ రాత్రి మావాడు ఇంటికి పోలేదు. టోకెన్ల తెర ప్రోగ్రాంను, పని కాగానే సీటు వదిలేటట్టు సరిచేయించాడు. ప్రతి ప్రోగ్రాంకూ దాని పేరు దానికి పెట్టి, దానికి కావలసిన హక్కులే ఇచ్చాడు. ఒక్కొక్క పేరుకు ఇన్ని సీట్లకు మించరాదని హద్దు రాశాడు. టోకెన్ల తెరకు అయిదు. ఇక అది ఎంత పిచ్చిగా ప్రవర్తించినా ఆరోది తీసుకోలేదు. నిద్రపోయేవాళ్ల గడువు ఎనిమిది గంటలనుంచి పది నిమిషాలకు దించాడు. అధికారి పేరుకు కొత్త రహస్యపు మాట పెట్టి, దాన్ని యే ప్రోగ్రాంలోనూ రాయలేదు. తాను కూడా రోజువారీ పనికి మామూలు పేరే పెట్టుకున్నాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు సర్వర్ ఆపి, డ్రైవరు తలుపు బిగించి, మళ్లీ లేపాడు. ఆ తలుపు బజారులోకి కనబడకుండా, ఆస్పత్రి లోపలి యంత్రాలకు మాత్రమే తెలిసేటట్టు పెట్టాడు. దొంగకు కూడా డ్రైవరు తలుపే ఇష్టం కదా.

అంతటితో ఆగలేదు. నెలకొకసారి, పని లేని పూట, ఆ తలుపు తీసి లోపలికి వెళ్లివస్తాడట. "ఎందుకురా?" అంటే, "ఏళ్లతరబడి తియ్యని తలుపు అవసరానికి తెరుచుకుంటుందని నమ్మకమేమిటి మామా? తాళంచెవి వేరేవాడి దగ్గర వుండవచ్చు. గొళ్లెం తుప్పు పట్టవచ్చు" అన్నాడు. తాను సెలవులో వున్నప్పుడు తలుపు తియ్యడానికి ఇంకొకరికి కూడా ఆ పని నేర్పాడు.

నాలుగు రోజుల తరువాత మందుల చీటీ మార్పించుకోవడానికి మళ్లీ ఆ ఆస్పత్రికి వెళ్లాం. ముసలమ్మ మనుమడు వార్డు వరండాలో బిస్కెట్టు తింటూ కనిపించాడు. వాడి పక్కగోడమీద టోకెన్ల తెర బుద్ధిగా నంబర్లు చూపిస్తున్నది.

ఇంటికి వస్తూ మా ఆవిడకు యీ కథ అంతా చెప్పాను, కండక్టరు సీటూ, టోపీలూ, డ్రైవరు తలుపూ అన్నీ. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఇందులో చదువుకోవలసిందేముంది?" అంది. "మా అమ్మ పోపుల డబ్బాలో ఆవాల కింద కొంత డబ్బు పెట్టేది. కూరలకు లేకపోయినా, పాలవాడు గుమ్మంలో నిలబడినా అది తీసేది కాదు. ఒకసారి అందులోంచి కూరలకు తీస్తే, ఆ తరవాత అదీ కూరల డబ్బే అయిపోతుంది అనేది. నాన్నకు అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు రిక్షాకూ, మందులకూ ఆ డబ్బే అక్కరకు వచ్చింది."

నేను ఆవిడ ముఖం చూశాను.

"మన ఇంట్లో కూడా వుందా?"

"వుంటే మీకు చెబుతానా?" అంది.